పేరు ఎవరి సొత్తు?

2021వ సంవత్సరం జూన్ 30వ తేదీ వరకు అమెరికాలో ఏ విశ్వవిద్యాలయ క్రీడాకారుడైనా తన పేరునో రూపాన్నో ఒక వ్యాపార ప్రకటనకు ఇచ్చి ఒక్క డాలరు పుచ్చుకుంటే ఆటకు అనర్హుడయ్యేవాడు. మరునాడు, జూలై 1న, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టుకు చెందిన కవల సోదరీమణులు హానా, హేలీ కావిండర్‌లు ఒక మొబైల్ ఫోన్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. న్యూయార్క్ నగరంలోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో వారి చిత్రం వెలిగింది. నిన్నటి అపరాధం నేడు ఆదాయమైంది.

ఈ మార్పును గురించి మన పత్రికలో వ్రాయడానికి మాకు కారణాలు రెండు. మన ఉద్యోగుల పిల్లలు ఎందరో ఆ విశ్వవిద్యాలయాలలో చదువుతున్నారు. సెలవులకు వచ్చినపుడు వారు చెప్పే కబుర్లలో ఈ ఆటల ప్రస్తావన తరచు వినబడుతుంది. ఇది చిన్న కారణం. పైకి ఆటలకు, ప్రకటనలకు సంబంధించినదిగా కనబడే ఈ వివాదపు మూలాలలో ఒకటి ఒక ప్రమాద నష్టపరిహారపు దరఖాస్తు. కర్మాగారంలో పనిచేసేవారికి ఆ భాష ఎవరూ నేర్పనక్కరలేదు. ఇదే పెద్ద కారణం.

ముందుగా అక్కడి కళాశాల క్రీడల స్వరూపం కొంత తెలియాలి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలంటే మనకు రెండవ తరగతి రైలు ప్రయాణాలు, సగం ఖాళీగా ఉండే గ్యాలరీలు గుర్తుకు వస్తాయి. అక్కడ మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. వారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. శిరస్త్రాణాలు ధరించి, బంతిని చేత పట్టుకుని, ఒకరినొకరు బలంగా ఢీకొనే ఆట. దాని పేరులో పాదం ఎందుకున్నదో మాకు ఈనాటికీ బోధపడలేదు. పలు రాష్ట్రాలలో ప్రభుత్వ జీతగాళ్ళందరిలో అత్యధిక వేతనం గవర్నరుది కాదు, రాష్ట్ర విశ్వవిద్యాలయపు కోచ్‌ది. ఈ క్రీడలను శాసించే జాతీయ సంఘం పేరు ఎన్.సి.ఎ.ఎ. ఆ సంఘం 2010లో తన బాస్కెట్‌బాల్ పోటీల ప్రసార హక్కులను 14 ఏళ్ళకు 1,080 కోట్ల డాలర్లకు విక్రయించి, 2016లో మరి 8 ఏళ్ళకు 880 కోట్ల డాలర్లకు పొడిగించింది. ఇంతటి ధనప్రవాహంలో మైదానంలో దిగేవాడికి దక్కినది చదువు ఫీజు, బస, భోజనం. కొందరికి అదీ లేదు.

ఆటను ఆట కోసమే ఆడాలి, డబ్బు ముట్టుకోరాదు అన్న అమెచ్యూర్ ఆదర్శం ఇంగ్లండులోని సంపన్న కుటుంబాల నుండి అమెరికాకు వచ్చింది. పూట గడవడానికి వెతుక్కోనవసరం లేనివారికి అది సులభంగా అబ్బే ఆదర్శం. ఆదివాసి తెగకు చెందిన జిమ్ థార్ప్ పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాల విద్యార్థి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోను స్వర్ణ పతకాలు గెలిచాడు. అంతకుముందు 1909, 1910 వేసవులలో ఉత్తర కెరొలైనాలో కొద్దిపాటి సొమ్ముకు బేస్‌బాల్ ఆడాడన్న సంగతి బయటపడగానే ఆ పతకాలు వెనక్కు తీసుకున్నారు. ఆ రోజులలో కళాశాల కుర్రాళ్ళు పలువురు మారుపేర్లతో అటువంటి ఆటలాడి డబ్బు తీసుకునేవారు. థార్ప్ తన స్వంత పేరుతోనే ఆడాడు, అందువల్లనే దొరికిపోయాడు. ఆయన 1953లో మరణించాడు. ఆ రెండు పోటీలకు ఏకైక విజేత ఆయనే అని ఒలింపిక్ సంఘం తిరిగి గుర్తించింది 2022 జూలైలో.

ఇక నష్టపరిహారపు కథ. 1955లో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. అతడి భార్య, పనిలో మరణించిన కార్మికుడి కుటుంబానికి దక్కే నష్టపరిహారం తనకూ ఇప్పించమని కోరింది. ఆమె కోరిక నిరాధారం కాదు. అంతకు రెండేళ్ళ ముందే, 1953లో, అదే రాష్ట్రపు సుప్రీం కోర్టు డెన్వర్ విశ్వవిద్యాలయ క్రీడాకారుడు ఎర్నెస్ట్ నెమెత్‌కు పరిహారం చెల్లవలసిందేనని తీర్పు చెప్పింది. నెమెత్‌కు విశ్వవిద్యాలయ ఆవరణలో టెన్నిస్ కోర్టులు చూసుకునే చిన్న ఉద్యోగం ఉండేది. ఫుట్‌బాల్ ఆడినంతకాలమే ఆ ఉద్యోగం కనుక ఆట కూడా ఉద్యోగంలో భాగమేనన్నారు న్యాయమూర్తులు. డెనిసన్ విషయంలో 1957లో అదే కోర్టు భిన్నంగా పలికింది. ఆడి తీరాలన్న ఒప్పందమేదీ లేదు, కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారంలోనూ లేదు. అందువలన అతడు ఉద్యోగి కాడు. ఆ స్త్రీకి ఏమీ దక్కలేదు.

విద్యాసంస్థలు ఎంతగా భయపడ్డాయో తరువాత తెలిసింది. 1951 నుండి 1988 వరకు ఎన్.సి.ఎ.ఎ.కు అధిపతిగా ఉన్న వాల్టర్ బైయర్స్ 1995లో ఒక పుస్తకం ప్రచురించాడు. క్రీడాకారులను న్యాయస్థానాలు ఉద్యోగులుగా గుర్తిస్తాయేమోనన్న భయంతో తామే 'విద్యార్థి-క్రీడాకారుడు' అన్న జంటపదాన్ని తయారుచేసి, సంఘపు నియమావళి నిండా చొప్పించామని అందులో తెలియజేశాడు. మనకు గౌరవవాచకంగా వినబడే ఆ మాట పుట్టింది ఒక బాధ్యతను తప్పించుకోవడానికి.

ఇక్కడ మన చట్టమొకటి మాకు గుర్తుకు వస్తున్నది. మన షాపులలో శిక్షణ పొందే అప్రెంటిస్‌లకు వర్తించే 1961 నాటి చట్టంలో 18వ సెక్షను, అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడంటుంది. యూనియన్ సోదరులకు ఆ సెక్షను మీద పాత కోపముంది. కాని దానికి రెండు సెక్షన్ల ముందే 16వది ఉంది: శిక్షణ కాలంలో ప్రమాదం జరిగి దెబ్బ తగిలితే, కార్మికుడికి చెల్లించినట్లే యజమాని పరిహారం చెల్లించాలి. అతడు విద్యార్థే, అయినా విరిగిన చేతికి జవాబుదారీ ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలు మన 18వ సెక్షను వంటిదానిని సంపాదించుకున్నాయి, 16వదానిని వదిలివేశాయి.

వదిలివేస్తే ఏమవుతుందో టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయ ఆటగాడు కెంట్ వాల్డ్రెప్ జీవితంలో చూడవచ్చు. 1974లో ఆలబామాతో జరిగిన ఫుట్‌బాల్ ఆటలో వెన్నుకు దెబ్బ తగిలి అతడి శరీరం చచ్చుబడింది. ఏళ్ళు గడిచిన తరువాత 1993లో టెక్సాస్ పరిహార సంఘం అతడికి అనుకూలంగా నిర్ణయించింది. బీమా కంపెనీ కోర్టుకెక్కింది. 1997లో జ్యూరీ అతడు ఉద్యోగి కాడన్నది. 2000లో అప్పీలు కోర్టు అదే ఖాయం చేసింది. గాయానికి, చివరి మాటకు నడుమ 26 సంవత్సరాలు.

దేహం సంగతి ఇలా తేలింది. మిగిలినది పేరు. దానిమీద కూడ ఆటగాడికి అధికారం లేదన్నారు. దృష్టాంతాలు కావలసినన్ని ఉన్నాయి. జెరెమీ బ్లూమ్ మంచుమీద జారే స్కీయింగ్‌లో ఒలింపిక్ క్రీడాకారుడు; ఆ శిక్షణ ఖర్చుకు ప్రకటనల సొమ్ము తీసుకున్నందుకు 2004లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆడనివ్వలేదు. ఒక ఆటలో సంపాదిస్తే మరొక ఆటకు మైల! 2010లో జార్జియా విశ్వవిద్యాలయపు ఎ.జె. గ్రీన్ తన చొక్కానొకదానిని 1,000 డాలర్లకు అమ్ముకున్నందుకు నాలుగు ఆటలకు దూరమయ్యాడు. అతడి అంకె వేసిన చొక్కాలను విశ్వవిద్యాలయం మాత్రం అమ్ముకుంటూనే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన ఈతగత్తె మిస్సీ ఫ్రాంక్లిన్ కళాశాల జట్టులో ఈదాలన్న కోరికతో మూడేళ్ళపాటు ప్రకటనలన్నింటినీ కాదనుకుంది. వేగమే ఆస్తిగా గల ఈతగత్తెకు మూడేళ్ళంటే ఎంత కాలమో తల్లిదండ్రులైన పాఠకులు ఊహించగలరు.

ఈ కట్టడి సడలడం ఒక వీడియో ఆటతో మొదలైంది. 1995లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్ని జాతీయ బాస్కెట్‌బాల్ విజేతగా నిలిపిన ఎడ్ ఓబానన్, ఆటలు ముగించి లాస్ వేగాస్ ప్రాంతంలో కార్లు అమ్ముకుంటున్నాడు. ఒకరోజు మిత్రుడి ఇంట పిల్లవాడు ఆడుతున్న వీడియో ఆటలో తననే చూసుకున్నాడు. అదే 31వ అంకె, అదే ఎడమచేతి వాటం. పేరు మాత్రం లేదు. పేరు లేదు కనుక పైకం లేదన్నది అందులోని తర్కం. 2009లో ఆయన దావా వేశాడు. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఎన్.సి.ఎ.ఎ. నియమాలు వ్యాపార పోటీ చట్టానికి విరుద్ధమన్నారు. ఆ తీర్పుతో ఓబానన్ చేతికి చిల్లిగవ్వ రాలేదు, కాని తలుపు కొంత తెరుచుకుంది. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రం, విద్యార్థి తన పేరుమీద ఆర్జించడాన్ని కళాశాలలు అడ్డుకోరాదని చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలు అదే బాట పట్టాయి. చదువుకు సంబంధించిన సదుపాయాలపై పరిమితులు చెల్లవని 2021 జూన్ 21న దేశ సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. న్యాయమూర్తి కవనా వేరుగా వ్రాసిన అభిప్రాయంలో, పనివారికి జీతమివ్వకపోవడమే తమ సరకు ప్రత్యేకత అని చెప్పి తప్పించుకోగల వ్యాపారం ఈ దేశంలో మరొకటి లేదన్నారు. పదిరోజుల తరువాత ఎన్.సి.ఎ.ఎ. తన నిషేధాన్ని ఎత్తివేసింది.

తరువాత జరిగిన వింతలు కొన్ని వినోదంగా ఉంటాయి. యూటా రాష్ట్రంలో ఒక తినుబండారాల కంపెనీ బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుతో ఒప్పందం చేసుకుని, స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్న 36 మందికి ఏడాది ఫీజు కట్టింది. మాకు వీటన్నింటిలో బాగా నచ్చినది ఇదే. నెబ్రాస్కాలో డికోల్డెస్ట్ క్రాఫర్డ్ అనే ఆటగాడుండేవాడు. ఆ పేరు ఆంగ్లంలో 'అందరికంటె చల్లనివాడు' అన్నట్లు వినబడుతుంది. 2022లో స్థానిక ఎయిర్ కండిషనింగ్ సంస్థ ఒకటి అతడిచేత ప్రకటన చేయించింది. శీతలీకరణ విభాగంలో పనిచేసే మన మిత్రులు ఆ తల్లిదండ్రుల ముందుచూపును మెచ్చుకోక తప్పదు. అయోవా విశ్వవిద్యాలయపు కెయిట్లిన్ క్లార్క్ 2024లో మహిళల వృత్తి లీగులో చేరినపుడు మొదటి ఏడాది వేతనం 76,535 డాలర్లు. విద్యార్థినిగా ఉండగానే ఆమె కుదుర్చుకున్న ప్రకటనల విలువ దానికి ఎన్నో రెట్లని అక్కడి పత్రికలు లెక్కగట్టాయి. వృత్తి క్రీడలలో పెద్ద జీతాలు దొరకని ఆడపిల్లలకు కళాశాల రోజులే ఆర్జనకు అనువైన కాలమయ్యాయి. ఆదర్శవాదులు ఈ సంగతిని ముందుగా ఊహించలేదు.

ఓబానన్‌ను కోర్టుకు నడిపించిన తరహా కళాశాల ఫుట్‌బాల్ వీడియో ఆట 2013 తరువాత ఆగిపోయి, 2024 జూలైలో మళ్ళీ వచ్చింది. ఈసారి సమ్మతించిన ఆటగాళ్ళ స్వంత పేర్లతో వచ్చింది. ఒక్కొక్కరికి 600 డాలర్లు, ఆట ప్రతి ఒకటి.

వినోదం కానివి కూడ ఉన్నాయి. విశ్వవిద్యాలయ అభిమానులు చందాలు పోగుచేసి, ప్రకటనల పేరిట ఆటగాళ్ళకు పంచే కూటములు వెలిశాయి. వాటిలో పేరుకు వెల ఎంతో, జట్టు మారినందుకు బహుమానమెంతో విడదీయడం కష్టం. 2024 సెప్టెంబరులో నెవాడా విశ్వవిద్యాలయపు లాస్ వేగాస్ శాఖలో మాథ్యూ స్లూకా అనే ప్రధాన ఆటగాడు తనకు మాట ఇచ్చిన సొమ్ము రాలేదంటూ మూడు ఆటల తరువాత జట్టును విడిచిపోయాడు. అటువంటి మాట ఇవ్వలేదన్నది అవతలి పక్షం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు జెర్వన్ డెక్స్‌టర్ 2022లో ఒక పెట్టుబడి సంస్థ నుండి 4,36,485 డాలర్లు తీసుకున్నాడు. అందుకు ప్రతిగా, వృత్తి ఫుట్‌బాల్‌లో చేరితే 25 సంవత్సరాలపాటు పన్నుకు ముందటి వేతనంలో నూటికి 15 వంతులు ఆ సంస్థకు చెల్లించాలి. 2023లో అతడు షికాగో జట్టుకు ఎంపికై, ఆ పత్రం చెల్లదంటూ కోర్టుకు వెళ్ళాడు. పంట వేయకముందే పైరు తాకట్టుపెట్టే ఒప్పందాలు మన పల్లెలు ఎరిగినవే. ప్రకటనల సొమ్ము వచ్చినచోట ఆదాయపు పన్ను కూడ వచ్చింది. యజమాని ముందే కోత కోసి ఫారం 16 చేతికిచ్చే వెసులుబాటు వారికి లేదు. స్వయం ఉపాధి లెక్కలు 19 ఏళ్ళ పిల్లవాడు తానే చూసుకోవాలి.

విదేశీ విద్యార్థుల సంగతి వేరు. మన పిల్లలు ఎఫ్-1 వీసా మీద వెళతారు. అనుమతి లేకుండా ఆవరణ వెలుపల సంపాదించరాదని వారికి మొదటి రోజే చెబుతారు. ఆటగాళ్ళకూ అదే నియమం. 2023, 2024 సంవత్సరాలలో దేశంలోనే ఉత్తమ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాడుగా ఎన్నికైన జాక్ ఈడీ కెనడా పౌరుడు. తన తోటివారి మాదిరి ప్రకటనలలో స్వేచ్ఛగా పాల్గొనలేకపోయాడు. కాంగో దేశస్థుడు ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో కెంటకీ జట్టుతో బహామాస్ దీవులకు వెళ్ళినపుడు, అమెరికా నేల మీద కాదు కనుక, ఆ కొద్ది రోజులలో తన ప్రకటనలు పూర్తిచేసుకున్నాడు. మన పిల్లలెవరైనా అక్కడ టెన్నిసో, ఈతో ఆడుతుంటే, దుకాణంవారు ఉచితంగా బూట్లిచ్చి ఫొటో అడిగినా విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థి కార్యాలయాన్ని సంప్రదించకుండా ఒప్పుకోవద్దని తల్లిదండ్రులు చెప్పడం మంచిది. బూట్లకంటె వీసా ఖరీదైనది.

మన దేశంలో బండి మరొక దారిన నడిచింది. ఇక్కడ క్రీడాకారుడికి ముందు ఉద్యోగం, ఆ తరువాతే ప్రకటనలు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం గెలిచి, ఆ క్రీడలలో పతకం పొందిన తొలి భారత మహిళ అయిన కరణం మల్లీశ్వరి భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేశారు. పుల్లెల గోపీచంద్ ఇండియన్ ఆయిల్ ఉద్యోగి. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన తరువాత ఒక శీతల పానీయపు కంపెనీ ప్రకటనను ఆయన నిరాకరించారు. పేరు అమ్ముకునే హక్కు ఉండి కాదనడానికి, ఆ హక్కే లేకపోవడానికి ఎంత దూరమో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. పి.వి. సింధు 2013లో భారత్ పెట్రోలియంలో చేరారు. ఆమె ముఖం దేశమంతటా ప్రకటనలలో కనబడుతున్నా ఆ ఉద్యోగానికి అది అడ్డు రాలేదు. ఈ పద్ధతిలో లోపాలు లేవనలేము. ఆఫీసుకు రాకుండా జీతమా అన్న గుసగుస ఏ క్యాంటీన్‌లోనైనా వినవచ్చు. ఆట ముగిశాక ఫైళ్ళ మధ్య దారి తోచని క్రీడాకారులనూ చూస్తాము. అన్నింటికంటె పెద్ద లోటు, పతకం వచ్చాక గాని మనం ఉద్యోగమివ్వము. కళాశాలలో చెమటోడ్చే వయసులో బూట్ల ఖర్చు తండ్రిదే. కాని ఒకసారి హాజరు పట్టీలో పేరు పడితే చాలు, కండరం చిట్లినా కీలు తొలగినా ఆస్పత్రి ఖర్చు ఎవరిదన్న తగవు ఉండదు. మా దృష్టిలో టైమ్స్ స్క్వేర్‌లో పటం కంటె ఇది గట్టి లాభం.

అమెరికాలో 2025 జూన్ 6న మరొక పెద్ద మలుపు వచ్చింది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ ఈతగాడు గ్రాంట్ హౌస్ పేరుతో నడిచిన దావాలో రాజీ ఒడంబడికను అదే న్యాయమూర్తి విల్కెన్ ఆమోదించారు. 2016 నుండి ఆడినవారికి గతకాలపు నష్టం క్రింద సుమారు 280 కోట్ల డాలర్లు పదేళ్ళలో చెల్లించాలి. 2025 జూలై 1 నుండి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్ళకు నేరుగా సొమ్ము పంచవచ్చు. మొదటి ఏడాది ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 600 డాలర్లు దాటిన బయటి ఒప్పందాలను తనిఖీకి సమర్పించాలి. పాత బకాయిలలో సింహభాగం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లకే పోతున్నదని, ఇది స్త్రీ పురుష సమానతకై 1972లో చేసిన చట్టానికి విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు ఆ నెలలోనే అప్పీలు చేశారు.

ఇంత సొమ్ము చేతులు మారినా, ఆటగాడు ఉద్యోగియా అన్న ప్రశ్నను ఆ ఒడంబడిక ముట్టుకోలేదు. డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు 2024 మార్చిలో 13కు 2 ఓట్లతో యూనియన్ పెట్టుకోవాలని నిర్ణయించి, ఆ ఏడాది ఆఖరు రోజున తమ దరఖాస్తును వెనక్కు తీసుకున్నారు. అదే సంవత్సరం జూలైలో ఒక అప్పీళ్ళ కోర్టు, క్రీడాకారులు ఉద్యోగులు కానే కారని ముందే కొట్టివేయరాదంటూ ఒక వ్యాజ్యాన్ని తిరిగి విచారణకు పంపింది. గాయాల విషయంలో ఎన్.సి.ఎ.ఎ. ఒక అడుగు వేసింది: ప్రథమ శ్రేణి విశ్వవిద్యాలయాలు, ఆటలో తగిలిన దెబ్బలకు, చదువు ముగిసిన తరువాత కనీసం రెండేళ్ళపాటు వైద్యం చూడాలన్న నియమం 2024 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది. ఫుట్‌బాల్‌లో అరిగిన మోకాలు గాని, తలకు తగిలిన దెబ్బల ఫలితం గాని రెండేళ్ళలోపే బయటపడుతుందన్న నమ్మకం ఏ వైద్యుడూ ఇవ్వడు. మూడవ ఏట కుంటడం మొదలుపెట్టినవాడు ఏ ఫారం నింపాలో, అందులో యజమాని అన్న గడిలో ఎవరి పేరు వ్రాయాలో 2025 నాటి ఒడంబడిక చెప్పలేదు.